రెక్కలు కత్తిరించిన కోళ్ళ కేసు

ఆ రోజుల్లో గడియారం గారి ఆఫీసు దర్జీ దుకాణం పైన మేడగదిలో ఉండేది. కింద కుట్టుమిషన్లు ఊపందుకున్నాయంటే పైన బల్ల మీద టీ గ్లాసులు సన్నగా వణికేవి. గుమ్మం పక్కన "ప్రైవేట్ డిటెక్టివ్" అన్న బోర్డు ఉండేది కానీ, అంతకుముందు చాలాకాలం ఆయన అదే గదిలో వాచీలు బాగుచేశారు కాబట్టి జనానికి గడియారం గారుగానే మిగిలిపోయారు. ఆయనకు సాయంగా ఉండేది సొంత మేనకోడలు. టైపు కొట్టడం, టీ పెట్టడం, మావయ్యను చూసి ఆశ్చర్యపోవడం ఆమె ఉద్యోగం. మూడింటిలోనూ చివరిదానికే ఎక్కువ సమయం పట్టేది. ఇప్పుడా దర్జీ లేడు, ఆ మేడా లేదు. అయినా ఎక్కడ కుట్టుమిషను చప్పుడు విన్నా ఆమెకు ఆ గది గుర్తుకొస్తుంది, దాని వెనకే కోళ్ళ కేసు గుర్తుకొస్తుంది.

ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, కుర్చీ అంచున కూర్చుని, వగరుస్తూ ఒకే మాట అంది.

"కోళ్ళు పోయాయండీ."

మేనకోడలికి నవ్వొచ్చింది. నగల దొంగలనూ దొంగ వీలునామాలనూ పట్టిన మావయ్యను కోళ్ళు వెతకమంటోందా ఈవిడ! కానీ గడియారం గారు నవ్వలేదు. ఆవిడ చేతులు చూస్తున్నారు. అవి పైటకొంగును ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నాయి.

"కోళ్ళు పోతే ఇంత భయం ఎందుకమ్మా?"

"పోతే పోయాయి కోళ్ళు. నా భయం వాటి గురించి కాదండి. రేపు పొద్దున్నే మా ఆయన పోలీసుస్టేషనుకి వెళ్తానంటున్నారు. మా మరిది మీద కేసు పెడతారట. సొంత తమ్ముడండీ! అమ్మానాన్న చిన్నప్పుడే పోతే ఇద్దరూ ఒక్క కంచంలో తిని పెరిగారు. ఒక్కసారి పోలీసుల దాకా వెళ్ళాక ఈ జన్మలో ఇంక అన్నయ్యా అని ఒకరూ, తమ్ముడూ అని ఒకరూ పిలుచుకోరు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చండి. ఒకవేళ మా మరిదే తీసి ఉంటే..." ఆవిడ గొంతు తగ్గించింది. "నాకు మాత్రం చెప్పండి. ఆయనకు వద్దు."

"నిజాన్ని ఒకరికి చెప్పి ఒకరికి దాచడం నాకు చేతకాదమ్మా" అన్నారు గడియారం గారు, టోపీ అందుకుంటూ. "పదండి, వెళ్దాం."

దారిలో ఆవిడ సంగతంతా చెప్పింది. భర్త రిటైరైన హెడ్మాస్టరు. బడి పోయాక తోచక కోళ్ళు పెంచుతున్నారు. ఒక కోడి పేరు మానిటర్, ఒకదాని పేరు లాస్ట్ బెంచి. రోజూ పొద్దుగూకే వేళకు గూటి దగ్గర నిలబడి హాజరు పిలుస్తారు. పెరటికి ఇన్నాళ్ళూ ఉన్న కంచె విరిగిన స్కూలు బెంచీలూ, పాత తలుపులూ, ముళ్ళకంపా కలిపి కట్టింది. పెద్దమనిషి ఇంటికి అదేం కంచె అని దారిన పోయేవాళ్ళు నవ్వుతుంటే, వడ్రంగంలో పేరున్న తమ్ముణ్ణి పిలిచి కొత్తది కట్టించారు. కంచె లేచింది, కోళ్ళు మాయం కావడం మొదలైంది. తమ్ముడు వచ్చి కంచె ఎత్తు పెంచాడు. ఇంకోటి పోయింది. ఇంకా పెంచాడు. హెడ్మాస్టరు గారు తానే కత్తెర పట్టుకుని కోళ్ళ రెక్కల ఈకలు కత్తిరించారు. అయినా పోతూనే ఉన్నాయి. ఇప్పటికి మంద సగమైంది. మానిటర్ కూడా పోయింది.

ఇల్లు దిబ్బ మీద ఉంది. పెరడు కిందికి వాలుగా దిగి కంచె దగ్గర ఆగుతుంది. కంచె అవతల ఏటవాలు గట్టు, దాని కింద ఒక చిన్న ఇంటి కప్పు మాత్రం కనిపిస్తోంది. హెడ్మాస్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళకోసమే చూస్తున్నట్టు నిలబడ్డారు.

"మా ఆవిడ డిటెక్టివుల దాకా వెళ్ళిందన్నమాట. అవసరం లేదండీ. ఇది లెక్క. రెక్కలు కత్తిరించాను, కోడి ఎగరలేదు. కంచెలో కంత లేదు. నక్క వస్తే నేల మీద ఈకలుంటాయి, అవీ లేవు. కొత్తవాళ్ళు ముట్టుకుంటే కోడి ఊరు లేచేలా అరుస్తుంది. అరవలేదంటే తెలిసిన చెయ్యి. తెలిసిన చేతులు నావి, మా ఆవిడవి, వాడివి. వాడి కార్ఖానాలో నా కోళ్ళ ఈకలు నా కళ్ళతో చూశాను." ఆయన కంచె వైపు చెయ్యి చూపారు. "కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలండీ?"

"పాత కంచె ఉన్నప్పుడు ఎన్ని పోయాయి?"

"అదీ ఒక కంచేనా! కోళ్ళు రోజూ బయటపడి కిందికి పోయేవి. చీకటి పడే లోపల అవే వచ్చేవి. రాకపోతే నేనో వాడో వెళ్ళి తోలుకొచ్చేవాళ్ళం."

"అంటే, ఒక్కటీ పోలేదు."

హెడ్మాస్టరు గారు నోరు తెరిచి, ఆలోచించి, "పోలేదు" అన్నారు.

అప్పుడే గట్టు కింద ఎక్కడో రేకుడబ్బా గలగలలాడింది. పెరట్లో కోళ్ళన్నీ ఒక్కసారి మెడలెత్తాయి. హెడ్మాస్టరు గారు మాత్రం తమ్ముడి మీద ఫిర్యాదు సాగిస్తూనే ఉన్నారు. గడియారం గారు తల కొంచెం పక్కకు వంచారు, వాచీ నడుస్తోందో లేదో వినేటప్పటిలా.

కంచె చూసి మేనకోడలు ముచ్చటపడింది. చెక్కకు చెక్క వెంట్రుక సందు లేకుండా ఆనించాడు. ఏ జంతువూ తవ్వకుండా అడుగున ఇనుప వల మట్టిలోకి దించాడు. పైన పొడవునా నున్నగా చిత్రిక పట్టిన అడ్డకర్ర. గాలికి ఒరగకుండా లోపలి వైపు నేల నుంచి పైదాకా ఏటవాలుగా ఊతకర్రలు. గడియారం గారు వాచీల కాలం నాటి కంటి అద్దం తీసి, ఒక ఊతకర్ర మీద పెట్టి పైకంటా చూశారు.

"ఇదేమిటి, అమ్మడూ?"

"రెట్ట. కోళ్ళున్న చోట ఉండదా మావయ్యా?"

"ఉంటుంది. నేల మీద" అని అద్దం జేబులో పెట్టుకున్నారు. అంతకు మించి చెప్పలేదు. ఆయనకు ఆ పాడలవాటు ఎప్పుడూ ఉండేది.

తమ్ముడి కార్ఖానా రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మనిషి చెక్కపొట్టు రాశి మధ్య కూర్చుని ఉన్నాడు, ఉలి చేతిలోనే ఉంది కానీ పని చేయడం లేదు. పక్కన నూనె డబ్బాలో చుక్కల ఈకల గుత్తి ఒకటి నిలబెట్టి ఉంది.

"ఈ ఈకలెక్కడివి?"

"రాలినవి ఏరుకుంటానండీ. తలుపు బందులకు నూనె రాయడానికి ఈకను మించింది లేదు. మొన్న అన్నయ్య వచ్చి చూశాడు. చూసి వెళ్ళిపోయాడు. అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

"నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా?"

"అన్నయ్యే దొంగ అన్నాక నేనింక ఎవరికి చెప్పాలి?" అతను ఉలి కింద పెట్టాడు. "ఆయన బళ్ళోనే చదివాను. తోటివాళ్ళతో పాటు సార్ అనే పిలిచేవాణ్ణి. అందరికంటే నన్నే ఎక్కువ కొట్టేవాడు, సొంత తమ్ముణ్ణి వెనకేసుకొచ్చాడని ఎవరూ అనకూడదని. అప్పుడు బాధేసేది కాదు."

గడియారం గారు మాట మార్చారు. "ఊతకర్రలు కంచె లోపలి వైపు ఎందుకు పెట్టావు?"

ఆ ముఖంలో మొదటిసారి వెలుగు కనిపించింది. "అవతలి వైపు కింద మా మేనత్త ఇల్లుందండీ. మమ్మల్ని పెంచింది ఆవిడే. కోడిగుడ్లు అమ్మి పెంచింది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో పొద్దస్తమానం వాకిట్లో కూర్చుంటుంది. ఎదురుగా కనిపించేది ఆ కంచే. ఊతలూ మేకులూ ఆవిడ కళ్ళకెదురుగా పెడితే ఏం బాగుంటుంది? మంచి ముఖం అత్త వైపు తిప్పాను."

"ఈ మధ్య వెళ్ళి చూశావా ఆవిణ్ణి?"

"పాత కంచె మూల కంతలోంచి దిగితే నేరుగా అత్త వాకిలే. కోళ్ళ వంకన రోజూ ఎవరో ఒకరం వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు రోడ్డంతా చుట్టి వెళ్ళాలి. వెళ్దాం వెళ్దామనుకుంటూనే..." అని ఆగిపోయాడు.

మరిది మీద అనుమానం తప్పించాలన్న ఆత్రంలో ఇల్లాలు రోడ్డు మలుపులోని హోటలు వంటవాణ్ణి కూడా చూపించింది. అతను చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి తల మీది బోర్డు చూపించాడు. "చదవండి సార్, శాకాహారం. నేనిక్కడ గుడ్డు పగలగొడితే మా యజమాని నా తల పగలగొడతాడు." ఆ అనుమానం అక్కడితో సరి.

చివరగా మావయ్యా మేనకోడలూ గట్టు కిందికి చుట్టు తిరిగి వెళ్ళారు. బయటి నుంచి కంచె నిజంగానే అందంగా ఉంది, నిలువెత్తు గోడలా. దాని మొదట్లో గడ్డి పొడవునా అణిగి, సన్నటి బాటలా మట్టి తేలింది. ఆ బాట పాత కంత ఉండిన మూల దగ్గర ఆగి, అక్కడి నుంచి కిందికి దిగింది.

వాకిట్లో ముసలావిడ కంచె వైపు తిరిగి కూర్చుని ఉంది. పక్కనే రెండు ఖాళీ స్టూళ్ళు. అడుగుల చప్పుడు వినగానే, తల తిప్పకుండానే, "వచ్చారట్రా! ఇన్నాళ్ళకా రావడం?" అంది. తిప్పి చూసి, కొత్తవాళ్ళని కనిపెట్టి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"మీరూ కోళ్ళు పెంచేవారట కదమ్మా?" అన్నారు గడియారం గారు.

"ఎప్పుడో మానేశాను నాయనా. ఉన్నవన్నీ పిల్లలకే ఇచ్చేశాను. కూర్చోండి, ఎండలో వచ్చారు. చెరో గుడ్డూ వేయించి పెట్టనా?"

మేనకోడలు వద్దంది. ఆవిడ కుర్చీ కింద సొట్టలు పడ్డ రేకుడబ్బా ఉంది. పక్కనున్న కట్టెల గది తలుపు గడియ వేసి ఉంది, గుమ్మం ముందు నీళ్ళ పళ్ళెం ఉంది. మేనకోడలు ఇవన్నీ చూసింది. చూసి కూడా, తిరిగి రోడ్డెక్కాక "పాపం, మంచావిడ" అని మాత్రమే అంది. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఎండ చల్లబడ్డాక గడియారం గారు అందరినీ పెరట్లోకి పిలిపించారు. అన్న ఒక చివర, తమ్ముడు ఒక చివర, ఇల్లాలు మధ్యలో నిలబడ్డారు.

"అందరూ వెనక్కి జరిగి, నోరు మెదపకుండా కోళ్ళను చూడండి" అన్నారాయన.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారు మీరు" అన్నారు హెడ్మాస్టరు గారు. "దొంగ ఇక్కడే నిలబడి ఉంటే..."

"నిజమే. ఇక్కడే ఉంది. కాసేపు ఓపిక పట్టండి."

గట్టు కింద రేకుడబ్బా గలగలలాడింది. కోళ్ళు మెడలెత్తాయి. లాస్ట్ బెంచి కంచె దగ్గరికి పరుగెత్తింది. చెక్కలను ముక్కుతో పొడిచి, అటూ ఇటూ తిరిగి, ఊతకర్ర మొదలు కనిపెట్టింది. తరవాత మేడ మెట్లెక్కే పెద్దమనిషిలా ఒక్కో అడుగే వేస్తూ దాని మీదుగా పైకి నడిచింది. పైకర్ర మీద కూర్చుని సర్దుకుంది. ఒక రెట్ట వేసింది. అవతలి వైపుకి దూకేసింది.

హెడ్మాస్టరు గారు గబగబా వెళ్ళి చెక్కలకు చెవి ఆనించారు.

"హెడ్మాస్టరు గారూ, మీ లెక్కలో అన్నీ సరిగానే ఉన్నాయి" అన్నారు గడియారం గారు. "కోడి ఎగరలేదు, కంచెలో కంత లేదు. కానీ కోడికి కాళ్ళున్నాయన్న సంగతి లెక్కలోకి రాలేదు. ఊతకర్రలు నిచ్చెనలయ్యాయి. ఎక్కాక ఆగడానికి నున్నటి అడ్డకర్ర ఉంది. మీరు కంచె పెంచినప్పుడల్లా మీ తమ్ముడు నిచ్చెన కూడా పెంచాడు. రెట్టలు ఆ కర్రల మీద ఉన్నాయి. ఎవరూ ఎత్తుకుపోలేదు కాబట్టే కోడి అరవలేదు. మీరన్న మాటే నిజం, కంచే మేసింది."

"మరి చీకటి పడేసరికి ఇంటికి రావాలి కదండీ?" అంది ఇల్లాలు.

"వచ్చాయమ్మా. రోజూ వచ్చాయి. అవతలి వైపు ఊతల్లేవు, నిలువు గోడ ఉంది. మొదట్లో ఎగిరినా ఎత్తు అందలేదు, తరవాత ఎగరడానికి రెక్కలే లేవు, దూరి రావడానికి కంత లేదు. పాత కంచె కోళ్ళను పోనిచ్చేది, రానిచ్చేది. కొత్త కంచె పోనిచ్చింది, రానివ్వలేదు. అవి ఈ చెక్కల వెంట తిరిగి తిరిగి గడ్డి అరగదీశాయి. మీరు ఇవతల హాజరు పిలుస్తుంటే అవి అవతల నిలబడి విన్నాయి."

హెడ్మాస్టరు గారు తల వంచుకున్నారు. తమ్ముడు ఊతకర్ర మీద చెయ్యి వేసి, తాను చేసిన పనినే కొత్తగా చూస్తున్నాడు.

"ఆ డబ్బా చప్పుడు..." అన్నాడతను మెల్లగా. "అన్నయ్యా, అది కోళ్ళను పిలిచే అత్త గింజల డబ్బా."

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వింటున్నారు కాబట్టి మీ ఇద్దరికీ అది చప్పుడనే తోచలేదు. కోళ్ళు మాత్రం విన్నాయి. ఇక మిగతాది ఆవిడే చెప్పాలి. పదండి, చీకటి పడకముందే వెళ్దాం."

రోడ్డు పొడవునా అన్నదమ్ములు చెరో పక్కన నడిచారు. అత్త వాకిట్లో లాస్ట్ బెంచి గింజలు ఏరుకుంటోంది. అందరినీ ఒక్కసారి చూసిన ముసలావిడ ఎవరూ అడక్కుండానే కట్టెల గది వైపు చెయ్యి చూపింది.

"అందులోనే ఉన్నాయిరా. నేనే దాచాను. ఏం, నన్ను పోలీసులకు పట్టిస్తావా?"

"అత్తా, నువ్వా!"

"మొదటి కోడి వచ్చిన రోజు, వెనకే మీలో ఎవరో ఒకరు వస్తారని టీకి నీళ్ళు పెట్టాను. ఎవరూ రాలేదు. కంచె ఇంకో మూర లేచింది. రెండోది వచ్చింది. కంచె ఇంకా లేచింది. ఇదివరకు కోడి తప్పిపోతే వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చేవాళ్ళు. ఇప్పుడు కోడి తప్పిపోతే చెక్కలు కొట్టుకుంటూ కూర్చున్నారు. అందంగానే ఉందిరా నీ కంచె, రోజూ చూస్తూనే ఉన్నాను. దాని వెనక మీ నెత్తి కూడా కనపడదు."

"ఒక్క కబురు చేస్తే పరుగెత్తుకొచ్చేవాళ్ళం కదా!" అన్నాడు తమ్ముడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పిలిస్తే చుట్టాలు కూడా వస్తార్రా. మీరు పిలవకుండా వచ్చేవాళ్ళు."

ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటూ, హెడ్మాస్టరు గారు తమ్ముణ్ణి దొంగన్న సంగతీ, రేపటి పోలీసు సంగతీ చెప్పింది. ముసలావిడ అదిరిపడింది. "అయ్యో, నా నోరు పడిపోను! ఇంత దాకా వచ్చిందని నాకెవరు చెప్పారు? ఒరేయ్ పెద్దాడా, నా కళ్ళెదుట వాడితో మాట్లాడు."

క్షమించమనడం హెడ్మాస్టర్లకు ఎవరూ నేర్పరు. ఆయన కట్టెల గది గడియ తీసి, గొంతు సవరించుకుని, హాజరు మొదలుపెట్టారు. "మానిటర్!" అనగానే ఒక చుక్కల కోడి క్కొక్కొక్కో అంటూ గుమ్మంలోకి వచ్చింది. ఒక్కొక్కటే పిలిచారు, ఒక్కొక్కటే బయటికొచ్చింది. అన్నీ అయ్యాయి. ఆయన వెనక్కి తిరగలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడి, ఇంకొక్క పిలుపు పిలిచారు.

"తమ్ముడు!"

తమ్ముడు చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ప్రెజెంట్ సార్" అన్నాడు తమ్ముడు.

హెడ్మాస్టరు గారి భుజాలు కదిలిపోయాయి. అత్త పక్కనున్న స్టూళ్ళు రెండూ ఆ సాయంత్రం నిండాయి. గడియారం గారు, మేనకోడలు చెరో వేయించిన గుడ్డూ తిని బయల్దేరారు. అంత రుచైన ఫీజు ఆ ఆఫీసుకి మళ్ళీ రాలేదు.

తమ్ముడు కంచెను మళ్ళీ కట్టాడు. ఊతలు తీసేసి గుంజలు లోతుగా పాతాడు. పైకర్ర తీసేసి, అంచున వదులుగా ఊగే వల బిగించాడు. ఊగే దాని మీద కోడి కాలు పెట్టదట. పాత కంత ఉండిన మూల ఒక చిన్న తలుపు పెట్టి, దానికి రెండు వైపులా గడియ అమర్చాడు.

కొన్నాళ్ళకు ఇల్లాలు మళ్ళీ ఫోన్ చేసింది. కంచె లక్షణంగా ఉందట, ఊతల్లేవట, ఏ కోడీ దాటడం లేదట. ఒక్క మానిటర్ మాత్రం రోజూ సాయంత్రం అత్త వాకిట్లో తేలుతోందట. గడియారం గారు, మేనకోడలు వెళ్ళి రోడ్డు మీది చెట్టు చాటున నిలబడ్డారు.

పొద్దు వాలింది. హెడ్మాస్టరు గారు పెరట్లోకి వచ్చారు. అటూ ఇటూ చూశారు. మానిటర్‌ను చంకనెత్తుకుని చిన్న తలుపు తీశారు, దాన్ని అవతల దించి తలుపు వేశారు. తరవాత ఇంటి వైపు తిరిగి పెద్దగా కేకేశారు. "ఒసేయ్, మానిటర్ మళ్ళీ తప్పిపోయిందే! వాణ్ణి కూడా రమ్మని కబురు పెట్టు. నేను వెతకడానికి వెళ్తున్నా!"

గట్టు కింద అప్పటికే టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"దొంగ దొరికాడుగా మావయ్యా! వెళ్ళి ఆవిడతో చెప్పేద్దామా?"

"ఆ కేసు మనం తీసుకోవడం లేదు, అమ్మడూ" అన్నారు గడియారం గారు, టోపీ సర్దుకుని వెనక్కి తిరుగుతూ.

ఆయన ఇన్నేళ్ళ వృత్తిలో తేలకుండా మిగిలిన కేసు అదొక్కటే.